మందు ఆమెది, నిర్ణయం ఎవరిది?

"పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు" అని మనకొక సామెత ఉంది. ఎటూ తెగని వ్యవహారాన్ని చూసి నవ్వుకోవడానికి ఈ మాట వాడతాం. కానీ ఇందులోని రెండో సగాన్ని నిజమని నమ్మి ఆచరించే కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. ఇరవై దాటిన అమ్మాయి రాత్రిళ్ళు నిద్రపోవడం మానేస్తుంది. ఎవరో తనని తిడుతున్నట్టు వినపడుతోందంటుంది. అన్నంలో ఏదో కలిపారని కంచం తోసేస్తుంది. ఇంట్లోవాళ్ళు ముందు గాలి సోకిందంటారు, తర్వాత ఎవరో చేతబడి చేశారంటారు. తాయెత్తులయ్యాక, దర్గాలయ్యాక, స్వాములయ్యాక ఎవరో ఒక పెద్దమనిషి "పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అంటాడు. కట్నం కాస్త ఎక్కువిచ్చి, విషయం దాచిపెట్టి, దూరపు సంబంధం చూసి పెళ్ళి చేస్తారు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, నిద్రలేని రాత్రులు. అప్పటిదాకా రహస్యంగా మాత్రలేమైనా వేసుకుంటూ ఉంటే అవి కూడా ఆగిపోతాయి. కొద్ది నెలలు తిరక్కుండానే అమ్మాయి పుట్టింటి గుమ్మంలో ఉంటుంది. ఆ తర్వాత వచ్చేవి పంచాయితీ, విడాకుల నోటీసు. మహిళా సంఘాల దగ్గరికి కేసు వచ్చేది సాధారణంగా ఈ చివరి దశలోనే.

వైద్యశాస్త్రం ఈ స్థితిని సైకోసిస్ అంటుంది. లేని మాటలు వినిపించడం, ఆధారం లేని నమ్మకాలు బలంగా పాతుకుపోవడం, ఆలోచనల వరస చెదిరిపోవడం దీని ముఖ్య లక్షణాలు. స్కిజోఫ్రీనియా ఇందులో ఒక రకం మాత్రమే. తీవ్రమైన డిప్రెషన్‌లోనూ, ఉద్రేకం ముదిరిన మానియాలోనూ, కాన్పు తర్వాత కూడా సైకోసిస్ రావచ్చు. స్కిజోఫ్రీనియా మగవాళ్ళ కన్నా స్త్రీలలో సగటున కొన్నేళ్ళు ఆలస్యంగా మొదలవుతుంది. అంటే సరిగ్గా పెళ్ళీ, కాన్పుల వయసులో. ముట్లుడిగే వయసులో మరోసారి స్త్రీలలో కొత్తగా ఈ జబ్బు బయటపడేవారి సంఖ్య పెరుగుతుంది. ఈస్ట్రోజెన్ హార్మోను కొంత రక్షణ ఇస్తుందనీ, అది తగ్గినప్పుడు ఆ రక్షణ పోతుందనీ పరిశోధకులు భావిస్తున్నారు. ప్రతి వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వచ్చే కాన్పు తర్వాతి సైకోసిస్ అయితే కొద్ది రోజుల్లోనే ముదిరి తల్లీబిడ్డల ప్రాణాల మీదికి తెస్తుంది. కాబట్టి దీన్ని ఏదో నిపుణుల విషయమని పక్కన పెట్టే వీలు మనకు లేదు.

ఈ జబ్బు గురించీ, దానికి వాడే మందుల గురించీ స్త్రీల ఉద్యమంలో రెండు వాదనలున్నాయి. లొంగని స్త్రీకి పితృస్వామ్యం వేసే ముద్రే పిచ్చి అనీ, మందు ఆమె నోరు మూయించే సాధనమనీ ఒక వాదన. ఇది కేవలం మెదడులోని రసాయనాల లోపం, షుగరు జబ్బుకి ఇన్సులిన్ లాగా జీవితాంతం మాత్ర మింగితే చాలు, ఇందులో స్త్రీ పురుష భేదమేమీ లేదు అన్నది రెండోది. మొదటి వాదన ఎన్నో నిజమైన అన్యాయాల్లోంచి పుట్టింది. ఎదురు తిరిగిన భార్యకు పిచ్చి సర్టిఫికెట్ తెప్పించిన భర్తల్ని మనం చూస్తూనే ఉన్నాం. కానీ భయంతో వణికిపోతూ, తిండి మానేసి, నూతి గట్టు దాకా వెళ్ళిన అమ్మాయికి ఆ వాదన ఇచ్చేదేమీ లేదు. రెండో వాదన ఆమెకు మందు ఇస్తుంది కానీ, ఆమెను మనిషిగా చూడదు. ఈ రెంటి మధ్యా నిలబడి మాట్లాడాలంటే ముందు ఆ రసాయనాల కథ మనకు తెలియాలి.

ఈ కథ ఒకరకంగా మన దేశంలోనే మొదలైంది. సర్పగంధ వేరును పిచ్చికి మందుగా వాడడం మన నాటువైద్యంలో ఎప్పటినుంచో ఉంది. బీహారు ప్రాంతంలో దాన్ని "పాగల్ కీ దవా" అనేవారు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు రక్తపోటుకూ, ఉద్రేకంతో కూడిన ఉన్మాదానికీ అది పనిచేస్తుందని వైద్య పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండుకి చెందిన సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ వేరులోంచి రెసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే మానసిక వైద్యులు క్లోర్‌ప్రొమజైన్ అనే మందును మొదటిసారి క్రమపద్ధతిలో ఉన్మాద రోగులకు వాడి చూశారు. దాన్ని తయారుచేసింది పిచ్చి కోసం కాదు. శస్త్రచికిత్సలో మత్తుకి తోడుగా అది ఉపయోగపడుతుందేమోనని ఆన్రీ లాబొరీ అనే సర్జన్ పరీక్షిస్తుండగా దాని గుణం బయటపడింది.

మందు పనిచేస్తోందని తెలిసింది, ఎందుకు పనిచేస్తోందో తెలియలేదు. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రెసర్పిన్ ఇస్తే అవి కదలిక లేకుండా పడిపోయాయి. డోపమైన్‌గా మారే ఎల్-డోపా అనే పదార్థం ఎక్కించగానే కొద్దిసేపట్లో లేచి తిరిగాయి. మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనాల్లో డోపమైన్ ఒకటని అలా తేలింది. 2000 సంవత్సరంలో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. 1970ల నడుమ నాటికి ఇంకో సంగతి తెలిసింది. ఈ మందులన్నీ డోపమైన్ వెళ్ళి అతుక్కునే డి2 అనే గ్రాహకాన్ని మూసేస్తాయి. ఏ మందు ఎంత గట్టిగా మూస్తుందో, అంత తక్కువ మోతాదులో పనిచేస్తుంది. "సైకోసిస్ అంటే డోపమైన్ ఎక్కువ కావడం" అన్న సిద్ధాంతం అలా పుట్టింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ సిద్ధాంతం జబ్బును చూసి కట్టింది కాదు, మందును చూసి వెనక్కి నడిచి కట్టింది. జ్వరం మాత్రతో జ్వరం తగ్గింది కాబట్టి ఒంట్లో ఆ మాత్ర తక్కువై జ్వరం వచ్చిందనలేం కదా. అయితే ఆ తర్వాత బతికున్న మనిషి మెదడును స్కాన్ చేసే పద్ధతులు వచ్చాక, సైకోసిస్ ఉన్న చాలామందిలో మెదడు లోతుల్లోని స్ట్రయాటం అనే భాగంలో డోపమైన్ తయారీ మామూలు కన్నా ఎక్కువగా ఉంటుందని నిజంగానే కనబడింది. కానీ అందరిలోనూ కాదు. కొందరిలో డోపమైన్ మామూలుగానే ఉంటుంది, వాళ్ళకి ఈ మందులు పెద్దగా పనిచేయవు కూడా. డి2ను తాకకుండా మరో దారిలో పనిచేసే మందు ఒకటి 2024 సెప్టెంబరులో అమెరికాలో ఆమోదం పొందింది. అంటే కథ ఒక్క డోపమైన్‌తో ముగియలేదు. ఈ రోజుకీ ఏ రక్తపరీక్షా, ఏ స్కానూ ఒక వ్యక్తికి సైకోసిస్ ఉందని తేల్చి చెప్పలేదు. "మెదడులో కెమికల్ తగ్గింది" అని ఎవరైనా డాక్టరు ఒక్క ముక్కలో చెప్పేస్తే, అది కొలిచి చెప్పిన మాట కాదని మనం తెలుసుకోవాలి.

మరి ఈ రసాయనానికీ, వినిపించే గొంతులకీ సంబంధమేమిటి? ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివి విదేశాల్లో పనిచేసిన షితిజ్ కపూర్ 2003లో ఒక వివరణ ఇచ్చాడు. మన చుట్టూ ఉన్న వేల విషయాల్లో ఏది ముఖ్యమో, ఏది పట్టించుకోనక్కర్లేదో గుర్తుపెట్టే పని డోపమైన్ చేస్తుంది. అది అదుపు తప్పితే ప్రతిదీ ముఖ్యమే అవుతుంది. పక్కింటామె దగ్గడం, బస్సు నంబరు, రేడియోలో పాట, అన్నీ తన గురించే అనిపిస్తాయి. వీటికి అర్థం వెతుక్కుంటూ మనిషి ఒక కథ అల్లుకుంటుంది, ఆ కథే భ్రమగా స్థిరపడుతుంది. మందు చేసేదేమిటంటే ఆ అనవసరపు ప్రాముఖ్యాన్ని తగ్గించడం. భ్రమను అది తుడిచెయ్యదు, దాని పట్టు సడలిస్తుంది. మిగతాది మనిషి తనంతట తాను, తోటివాళ్ళ సాయంతో, కాలం మీద చేసుకోవాల్సిన పని. ఈ వివరణలో మనకు పనికొచ్చే ముఖ్యమైన అంశం ఒకటుంది. రసాయనం భ్రమకు బలాన్నిస్తుంది, భ్రమలోని కథ మాత్రం ఆమె జీవితంలోంచే వస్తుంది. అన్నంలో విషం కలిపారని భయపడే కోడలి కథలో వరకట్న చావుల వార్తలుంటాయి. తనను ఊరంతా వెలేస్తోందని వినిపించే స్త్రీ కథలో కులం ఉంటుంది.

అంతేకాదు, జీవితం కూడా రసాయనాన్ని మారుస్తుంది. చిన్నతనంలో హింస, లైంగిక అత్యాచారం, నిర్లక్ష్యం అనుభవించినవాళ్ళలో సైకోసిస్ వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువని అనేక అధ్యయనాలను కలిపి 2012లో వేసిన లెక్క చెబుతోంది. కాబట్టి "ఇది మెదడు జబ్బు" అన్నంత మాత్రాన ఇంట్లోని హింసకు క్షమాపణ దొరకదు. అలాగే "ఇది హింస వల్ల వచ్చింది" అన్నంత మాత్రాన మందు అక్కర్లేదనీ కాదు. కాల్చబడ్డ స్త్రీకి న్యాయం జరగాలని పోరాడతాం, ఆ పోరాటం సాగుతుండగానే కాలిన గాయానికి మందు కూడా రాయిస్తాం.

మందు ఉపయోగాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి. మొదటిసారి జబ్బు పడి కోలుకున్నవారిని అయిదేళ్ళపాటు గమనించి 1999లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, మందు ఆపేసినవారిలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం దాదాపు అయిదు రెట్లు కనబడింది. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, ఒక సంవత్సరంలో మందు వాడుతున్నవారిలో 27 శాతానికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 64 శాతానికి జబ్బు తిరగబెట్టింది. మొదటి లక్షణాలకూ మొదటి చికిత్సకూ మధ్య కాలం ఎంత పెరిగితే కోలుకోవడం అంత కష్టమవుతుందని కూడా చాలా అధ్యయనాలు చెప్పాయి. మన దేశంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, తీవ్రమైన మానసిక జబ్బులున్నవారిలో 70 శాతానికి పైగా చికిత్స అందడం లేదని తేల్చింది. మందులతో నోరు మూయించబడే స్త్రీలున్నట్టే, మందు దొరకక ఏళ్ళ తరబడి గదిలో బంధింపబడిన స్త్రీలూ ఉన్నారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన 25 మందికి పైగా మంటల్లో కాలిపోయిన సంగతి మరిచిపోకూడదు. వాళ్ళలో స్త్రీలూ ఉన్నారు.

మందు అవసరమని ఒప్పుకున్నాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ఏ మందు, ఎంత, ఎంతకాలం, ఎవరి నిర్ణయంతో?

మోతాదు సంగతే చూద్దాం. కపూర్, అతని సహచరులు 2000లో మొదటిసారి జబ్బు పడినవారికి స్కాన్లు చేసి ఒక లెక్క ఇచ్చారు. డి2 గ్రాహకాల్లో సుమారు 65 శాతం మూతపడితే జబ్బు లక్షణాలు తగ్గడం మొదలవుతుంది. 72 శాతం దాటితే ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. 78 శాతం దాటితే చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం మొదలవుతాయి. అంటే మేలుకీ కీడుకీ మధ్య సందు చాలా ఇరుకు. ఆ సందు దాటిన మోతాదు ఇంకా ఎక్కువ మేలు చెయ్యదు, కీడు మాత్రమే పెంచుతుంది. మొదటిసారి జబ్బు పడినవాళ్ళకు తక్కువ మోతాదే సరిపోతుందని కూడా తెలిసిన విషయమే. కానీ రద్దీగా ఉన్న ఓపీలో రెండు నిమిషాల్లో రాసే చీటీలో ఈ జాగ్రత్తకి చోటెక్కడ? ఇంట్లోవాళ్ళు "గొడవ చేస్తోంది" అంటే మోతాదు పెరుగుతుంది. "మగతగా ఉంటోంది, పనులు చెయ్యడం లేదు" అని ఆమె గానీ ఇంకెవరు గానీ చెబితేనే తగ్గుతుంది. ఆమెని ఎవరు అడుగుతున్నారు?

ప్రొలాక్టిన్ మాట ఇంకొంచెం వివరంగా చెప్పుకోవాలి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి పాల హార్మోను విడుదల కాకుండా ఆపి ఉంచేది కూడా డోపమైనే. మందు ఆ అదుపును తీసేస్తుంది. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ వంటి మందులతో ముట్లు ఆగిపోవచ్చు, పిల్లలు లేని స్త్రీకి కూడా రొమ్ముల్లో పాలు రావచ్చు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఏమవుతుంది? పెళ్ళికాని పిల్ల ముట్టు తప్పితే ఇంట్లో ఆమె మీద అనుమానం. పెళ్ళయినామెకు గర్భమని సంబరం, ఆ తర్వాత గొడ్రాలనే నింద. పాలు వస్తే ఆమె శీలం మీదే విచారణ. తన ఒంట్లో ఎవరో ఏదో చేస్తున్నారని అప్పటికే భయపడుతున్న మనిషికి ఈ మార్పులు ఆ భయాన్ని నిజం చేసి చూపిస్తాయి. సిగ్గుతో ఆమె ఎవరికీ చెప్పదు, మెల్లగా మాత్ర పారేస్తుంది. డాక్టరు ఆమెకు "సహకరించని పేషెంటు" అని పేరు పెడతాడు. ఒక మాత్ర మారిస్తే, మోతాదు తగ్గిస్తే, అరిపిప్రజోల్ లాంటి ప్రొలాక్టిన్ పెంచని మందు వాడి చూస్తే చాలాసార్లు తీరిపోయే సమస్య ఇది. అలా మార్చినప్పుడు గర్భం వచ్చే వీలు తిరిగి వస్తుందన్న విషయం కూడా ఆమెకు చెప్పాలి. ముట్టు లేదు కదా గర్భం రాదన్న ధీమా పనికిరాదు.

ఒలాంజపిన్, క్లోజపిన్ వంటి మందులతో ఒళ్ళు విపరీతంగా పెరుగుతుంది, షుగరు వస్తుంది. స్త్రీల ఒంట్లో ఈ రెండు మందులూ అదే మోతాదులో మగవాళ్ళ కన్నా ఎక్కువగా నిలుస్తాయి. మరి మోతాదులు ఎవర్ని చూసి నిర్ణయించారు? అమెరికాలో 1977 నాటి నిబంధన పిల్లల్ని కనే వయసున్న స్త్రీలను కొత్త మందుల తొలి పరీక్షల నుంచి దూరంగా ఉంచింది. దాన్ని 1993లో గానీ మార్చలేదు. 2005లో వెలువడిన కేటీ అనే సుప్రసిద్ధ అధ్యయనంలో 1,493 మంది పాల్గొంటే వారిలో దాదాపు నాలుగింట మూడొంతులు మగవాళ్ళే. ఆ అధ్యయనంలో 18 నెలల్లోగా 74 శాతం మంది తమకు మొదట ఇచ్చిన మందును ఏదో ఒక కారణంతో ఆపేశారు. మందు మానేయడం ఆడవాళ్ళ మొండితనం కాదని ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

చెప్పకుండా మందు పెట్టడం మన ఇళ్ళల్లో ఉన్న మరో ఆచారం. మజ్జిగలో, సాంబారులో, కాఫీలో చుక్కలు కలిపి ఇస్తారు. ప్రేమతోనే చేస్తారు, గత్యంతరం లేకే చేస్తారు. తిండిలో ఏదో కలిపారని భయపడే మనిషి తిండిలో నిజంగానే కలపడం అంటే ఏమిటో ఆలోచించాలి. ఆమెకు తెలిసిన రోజున ఆ ఇంటిమీద ఉన్న చివరి నమ్మకం కూడా పోతుంది. దీనికి ఇంకో ప్రత్యామ్నాయంగా నెలకొకసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. కొందరికి అవి నిజంగా సౌకర్యమే. రోజూ మాత్ర గురించి ఇంట్లో జరిగే యుద్ధం తప్పుతుంది. అయితే ఒకసారి ఒంట్లోకి వెళ్ళిన ఇంజెక్షన్‌ని వెనక్కి తీయలేం. మనకిది కొత్త పాఠం కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పూర్తి సమాచారం ఇవ్వకుండా స్త్రీల మీద ప్రయోగించబోతే స్త్రీశక్తి సంఘటన అడ్డుపడింది. 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఏ మందు ఇస్తున్నారో, దానివల్ల ఏమవుతుందో చెప్పి, ఆమె సమ్మతి తీసుకున్నాకే ఇవ్వాలని అప్పుడు అడిగిన మాటనే ఇప్పుడు మానసిక వైద్యం ముందు పెట్టాలి.

ఎంతకాలం వాడాలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. నెదర్లాండ్స్‌లో మొదటిసారి జబ్బు పడి కోలుకున్నవారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి జాగ్రత్తగా మందు తగ్గించుకుంటూ వచ్చారు. మొదటి రెండేళ్ళలో ఆ జట్టులోనే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. కానీ ఏడేళ్ళ తర్వాత చూస్తే, ఆ జట్టులో 40 శాతం పూర్తిగా కోలుకుంటే, మందు యథాతథంగా కొనసాగించిన జట్టులో 18 శాతమే కోలుకున్నారని 2013లో ప్రకటించారు. ఇంగ్లండులో, ఎక్కువకాలంగా జబ్బున్న 253 మందితో చేసి 2023లో వెల్లడించిన అధ్యయనం వేరే మాట చెప్పింది. మందు తగ్గించినవారిలో తీవ్రంగా తిరగబెట్టడం 25 శాతం, తగ్గించనివారిలో 13 శాతం. రెండేళ్ళకి వారి సామాజిక జీవితంలో మెరుగుదల తేడా ఏమీ కనబడలేదు. ఈ రెండూ కలిపి చూస్తే, ఒక్కసారిగా మానెయ్యడం ప్రమాదం, తగ్గించే ప్రయత్నమైతే డాక్టరు పర్యవేక్షణలో, నెలల తరబడి, మెల్లమెల్లగా సాగాలి. "జీవితాంతం" అన్న తీర్పు మొదటి రోజే ఇవ్వడానికి ఆధారం లేదు. గర్భం వచ్చిందని తెలియగానే భయంతో మందులన్నీ ఆపించే అత్తగార్లకీ, కొందరు డాక్టర్లకీ కూడా ఈ మాట చెప్పాలి. ఆ సమయంలో జబ్బు తిరగబెట్టడం తల్లికీ బిడ్డకీ కూడా హానే.

ఇక చట్టం సంగతి. 2018 మే నుంచి అమలులో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మన చేతిలో బలమైన ఆయుధం. ఒక మనిషి సమాజపు నీతికీ ఆచారాలకీ విరుద్ధంగా ఉందన్న కారణంతో మానసిక జబ్బు అంటగట్టకూడదని 3వ సెక్షన్ చెబుతుంది. గతంలో చికిత్స పొందినంత మాత్రాన ఇప్పుడు కూడా జబ్బుందనడానికి వీల్లేదు. తన జబ్బేమిటో, ఏ చికిత్స ఇస్తున్నారో, దాని దుష్ఫలితాలేమిటో తనకర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు 22వ సెక్షన్ ఇస్తుంది. రేపు తనకు జబ్బు చేస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిగా ఎవర్నయినా ఎంచుకోవచ్చు. ఆ ప్రతినిధి భర్తే కానక్కరలేదు. తల్లి కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. మూడేళ్ళలోపు బిడ్డను ఆసుపత్రిలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరుచేయకూడదు. చికిత్స పేరుతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చెయ్యడం, మత్తు లేకుండా కరెంటు షాకులివ్వడం, గొలుసులతో కట్టెయ్యడం నిషేధం. బలవంతంగా గుండు గీయకూడదు. ముట్టు సమయంలో కావలసినవి సమకూర్చడం ఆసుపత్రి బాధ్యత.

విడాకుల విషయం చూద్దాం. 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ మానసిక రుగ్మతకు ఇచ్చిన వివరణలో స్కిజోఫ్రీనియా పేరు ఎత్తి మరీ చెప్పింది. దాన్ని పట్టుకుని, ఒక ప్రిస్క్రిప్షన్ కాగితం చాలు విడాకులొచ్చేస్తాయని నమ్మే భర్తలూ లాయర్లూ ఉన్నారు. జబ్బు పేరు ఉన్నంత మాత్రాన చాలదు, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రత ఉందని రుజువు చెయ్యాలని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2013 సెప్టెంబరులో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే ఆ మాటను మళ్ళీ స్పష్టం చేసింది. కింది కోర్టు భర్తకిచ్చిన విడాకుల్ని హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే సమర్థించింది. ఇది చికిత్సతో అదుపులో ఉండే జబ్బేనని గుర్తించింది. ఇక 2017 చట్టం 105వ సెక్షన్ ప్రకారం, కోర్టులో ఒకరు చూపించిన మానసిక జబ్బు రుజువును రెండో పక్షం సవాలు చేస్తే, కోర్టు దాన్ని మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు పరిశీలనకు పంపాలి. మన కేసులు చూసే వకీళ్ళందరికీ ఈ సెక్షన్ తెలియాలి. చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ జబ్బున్న, కాపురం చెడిన స్త్రీలలో అత్యధికులు వృద్ధులైన తల్లిదండ్రుల పంచన, భర్త నుంచి మనోవర్తి లేకుండా బతుకుతున్నారని తేలింది. తమ తర్వాత ఈ పిల్లని ఎవరు చూస్తారన్నదే ఆ తల్లిదండ్రుల బెంగ.

మరి సంఘాలుగా మనమేం చెయ్యగలం? మొదటిది, గుర్తుపట్టడం. వారాల తరబడి నిద్ర లేకపోవడం, అందరికీ దూరమవడం, తనలో తాను మాట్లాడుకోవడం, కొత్తగా మొదలైన తీవ్రమైన అనుమానాలు కనబడితే పెళ్ళి మాట, స్వాముల మాట పక్కనపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళేలా ఇంటివాళ్ళని ఒప్పించాలి. దారి తెలియకపోతే 2022 నుంచి నడుస్తున్న టెలి మానస్ 14416 నంబరుకి తెలుగులోనే ఫోను చెయ్యొచ్చు. జ్వరం, ఫిట్లు, ఒళ్ళు వింతగా మెలికలు తిరగడం తోడైతే అది మెదడు వాపు కావచ్చు. యువతుల్లో ఎక్కువగా వచ్చే అటువంటి ఒక రకం మెదడు వాపును 2007లో గుర్తించారు, దానికి వేరే చికిత్స ఉంది. కాన్పయిన రెండు మూడు వారాల్లో ఈ లక్షణాలు వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

రెండోది, వినడం. ఆమె చెప్పిన ప్రతిదీ భ్రమ అనుకోకూడదు. గోడలోంచి గొంతులు వినిపిస్తున్నాయన్న మనిషే భర్త కొడుతున్నాడని కూడా చెప్పొచ్చు, ఆ రెండో మాట అక్షరాలా నిజం కావచ్చు. జబ్బున్న స్త్రీకి కూడా 2005 గృహహింస చట్టం వర్తిస్తుంది. ఆమె ఫిర్యాదును విడిగా విచారించాలి.

మూడోది, డాక్టరు దగ్గరికి ఆమెతో పాటు వెళ్ళడం, ఆమె తరఫున కొన్ని ప్రశ్నలు అడగడం. ఈ మందు పేరేమిటి? ఇంతకన్నా తక్కువ మోతాదు సరిపోదా? ముట్లు ఆగుతాయా, బరువు పెరుగుతుందా, షుగరు పరీక్ష ఎప్పుడు? మెడ పట్టేసినా, కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతున్నా దానికి విరుగుడేమిటి? మందు వాడుతుండగా గట్టి జ్వరంతో ఒళ్ళు కొయ్యబారినా, క్లోజపిన్ వాడుతున్నప్పుడు జ్వరం, గొంతు నొప్పి వచ్చినా వెంటనే ఎక్కడికి రావాలి? మళ్ళీ ఎప్పుడు ఈ మోతాదు గురించి మాట్లాడతారు? ఈ ప్రశ్నలడగడం డాక్టర్ని అవమానించడం కాదు. మంచి డాక్టర్లు వీటికోసం ఎదురుచూస్తారు.

నాలుగోది, ప్రభుత్వాన్ని నిలదీయడం. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగు జిల్లాలతో మొదలైనప్పుడు వాటిలో మన మెదక్ ఒకటి. అన్నేళ్ళ క్రితం మొదలైన కార్యక్రమం కింద మన మండల ఆసుపత్రిలో ఈ మందులు నెలనెలా దొరుకుతున్నాయా? స్త్రీకి ఇబ్బంది తక్కువైన రకం దొరుకుతోందా, లేక చవకైనది ఒక్కటే ఉందా? నెల మందు కోసం విశాఖపట్నానికో ఎర్రగడ్డకో రోజు కూలి పోగొట్టుకుని వెళ్ళాల్సిందేనా? ఈ లెక్కలు మన సంఘాలు తీయాలి, గ్రామసభల్లో అడగాలి.

మెదడు రసాయనాల గురించి మాట్లాడే అధికారం ఒక్క డాక్టర్లకే వదిలేస్తే, ఏ స్త్రీ మెదడు గురించి మాట్లాడుతున్నారో ఆమెకే ఆ మాటల్లో చోటుండదు. మన గర్భాశయాల గురించీ, కాన్పుల గురించీ, ఇంజెక్షన్ల గురించీ తెలుసుకుని ప్రశ్నించడం ఈ ఉద్యమం ఎప్పుడో నేర్చుకుంది. డోపమైన్ కూడా అంతకన్నా పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మాత్ర మింగేది ఆమె, దాని మేలూ కీడూ అనుభవించేదీ ఆమే. ఆ మాత్ర గురించి జరిగే ప్రతి సంభాషణలో మొదటి మాట ఆమెదై ఉండేలా చూడడం మన పని.